తలుపు దగ్గర నిలబడ్డావిడ

"ఏమండీ, మిమ్మల్నే! కాస్త పక్కకు జరగండి!"

మాస్టారు మళ్ళీ అరిచారు.

తలుపు మీద చెయ్యి వేసి నిలబడిన ముసలావిడ కదల్లేదు.

లెక్కల మాస్టారికి కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. అందులోనూ ఇవాళ ఎండలో నిలబెట్టి టికెట్లిచ్చారు.

వాళ్లు చూడ్డానికొచ్చిన ఆ పాత బంగళాలో తీసిన సినిమా ఏనాటిదో. అయినా జనం ఇప్పటికీ ఆ తలుపు చూడ్డానికే వస్తారు. అత్తవారు గెంటేసిన హీరోయిన్ ఆ తలుపు బాదుతూ చెప్పిన మాటలు నోటికి రానివాళ్లు లేరు. గైడు ఆ మాటలు స్పీకర్లో వేస్తే, వచ్చినవాళ్లు తలుపు ముందు పెదాలు కదిపి వీడియో తీయించుకుంటారు.

మాస్టారి భార్య అందుకోసం నెల్లాళ్లుగా అద్దం ముందు సాధన చేసింది. పెళ్లయ్యాక ఆవిడ నోరు తెరిచి అడిగిన ప్రయాణం ఇదొక్కటే.

"మూసే వేళయింది. తొందరగా కానివ్వండి," అన్నాడు గైడు.

స్పీకరు మోగింది.

"గెంటేస్తే నేను పోతానేమో, నా గొంతు పోదు! అది ఈ ఇంట్లోనే ఉంటుంది!"

ముసలావిడ కళ్లు మూసుకుంది. మెడకు చుట్టుకున్న శాలువా సర్దుకుని, తలుపు నిమురుతూ వింటోంది.

"పోనీలెండి, పెద్దావిడ," అంది భార్య.

"పెద్దావిడైతే? అడిగినదానికి జవాబు చెప్పొద్దూ? నోట్లో నాలుక లేదా?"

ముసలావిడ ఇటు తిరిగింది. పెదాలు కదిలాయి కానీ మాట రాలేదు. స్పీకరు వైపు వేలు చూపించి, అదే వేలు తన గొంతు మీద పెట్టుకుంది.

మాస్టారికి ఒళ్లు మండిపోయింది.

"చూశావా? గొంతు కోస్తానంటోంది! వాచ్‌మన్! ఈ మూగదాన్ని బయటికి పంపిస్తావా, నన్నే గెంటమంటావా?"

వాచ్‌మన్ వచ్చి రెక్క పట్టుకున్నాడు. ఆవిడ తలుపు వైపే చూస్తూ వెనక్కి నడిచింది. గేటు పడింది.

"పీడా వదిలింది. ఊఁ, కానియ్!" అంటూ మాస్టారు ఫోన్ ఎత్తారు.

భార్య తలుపు ముందు నిలబడింది. చూపు మాత్రం గేటు మీదే ఉంది.

ఇంతలో మంచినీళ్ల సీసా పట్టుకుని ఒకామె పరుగున వచ్చింది.

"మా అక్కేదండీ? శాలువా కప్పుకుని ఇక్కడే ఉండాలి."

"ఆవిడా? నేనే బయటికి పంపించాను. బొత్తిగా మర్యాద తెలియని మనిషి!"

ఆమె కళ్లు ఎర్రబడ్డాయి.

"మాట రాని మనిషి మీదా మీ ప్రతాపం? జబ్బు చేసి డాక్టర్లు ఆమె గొంతు తీసేశారయ్యా!"

మాస్టారు తడబడ్డారు. కానీ తగ్గలేదు.

"అలాంటప్పుడు ఇంటిపట్టున ఉండాలి. ఈ తలుపుతో ఆవిడకేం పని?"

"పనా? చీకటి గదిలో మైకు ముందు నిలబడి తెర మీద చూడ్డమే తప్ప, ఈ తలుపు మా అక్క ఒక్కసారైనా ముట్టుకోలేదు. పోయేలోగా చూపించమని ప్రాణం తీస్తే తీసుకొచ్చాను."

గైడు మళ్ళీ స్పీకరు నొక్కాడు. 'నా గొంతు పోదు!' అంటూ బంగళా అంతా మారుమోగింది.

మాస్టారి భార్య పెదాలు కదపలేదు.

ముసలావిడ చెల్లెలు స్పీకరు వైపు వేలు చూపించింది.

"ఆ హీరోయిన్‌కి మన భాష ఒక్క ముక్క రాదు బాబూ. ఆ అరిచేది మా అక్క."