చాపిన చెయ్యి

సిలువ మీద నుంచి యేసును తెల్లబట్టలో దించుతున్న పాత ఐరోపా చిత్రానికి సింధుజ కాలేజీ కోసం అర్థం రాస్తోంది. నాయినమ్మ లింగవ్వ ఆ బొమ్మ మీదికి వంగింది.

“తెల్లబట్ట ఎందుకని రాసినవ్?”

“పవిత్రతకు గుర్తు, నాయినమ్మా.”

“కాదు బిడ్డా, ఒళ్లు జారకుంట. తాటిచెట్టు మీదికెల్లి మీ తాతను నా చీరెలనే కట్టి దించిన్రు.”

కల్లు గీసే తాత చెట్టు మీదనే ప్రాణం విడిచిండని సింధుజ చిన్నప్పటి నుంచి విన్నది.

“మరి కింద యేసు తల్లి చెయ్యి చాపింది దుఃఖానికే గద?”

“ఒళ్లు వెచ్చగున్నదా అని చూస్తుంది.”

సింధుజ పెన్ను ఆగింది. “తాత ఒళ్లు...?”

“వెచ్చగనే ఉండె. దవాఖానకు తీస్కపోదమని మొత్తుకున్న. సచ్చినోనికి దవాఖాన ఏందన్నరు.”

లింగవ్వ తన అరచేయి చూసుకుంది.

“ఇరవై ఏండ్లాయె. గా వేడి ఇంకా పోతలేదు.”