నవ్వినా రాసేవారు

మాకు పెళ్లయి నలభై రోజులు. మా ఆయన చరిత్ర మాస్టారు. నాలుగు వందల ఏళ్ల కిందట మంత్రగత్తెలని ముద్రవేసి ఆడవాళ్లను విచారించిన కాగితాలు చదవడమే ఆయన పని.

"ఆ గుమాస్తాలు దేన్నీ వదల్లేదోయ్. మొదటి ప్రశ్న 'ఎవరితో మాట్లాడుతున్నావు?' అని. ఆ తర్వాత ముద్దాయి తుమ్మినా, నవ్వినా రాసేవారు. నవ్విందని ఎవరి గురించి రాశారో, వాళ్లలో ఒక్కరూ ఇంటికి తిరిగి రాలేదు," అన్నారు నిన్న.

"అయితే నాకు మొదటి పేజీలోనే శిక్ష," అని కిలకిలా నవ్వాను.

ఈ రాత్రి స్నానం చేసి వచ్చి పాలు కాస్తుంటే, ఆయన గదిలో కలం గీరుతున్న చప్పుడు వినిపించింది. నేను స్నానంలో ఉండగా వచ్చేసినట్టున్నారు. ఎప్పుడూ కంప్యూటర్ మీదే రాసే మనిషి!

"ఏమండీ, నాకు ప్రేమలేఖా?" అన్నాను.

కలం గబగబా గీరి ఆగింది. నాకు నవ్వాగలేదు. నవ్వినంతసేపూ గీరింది. చెంచా జారిపడితే "అమ్మో" అన్నాను. చిన్నగా ఒక్క గీత. ఎంత అల్లరో ఈయనకి!

అంతలో వీధి తలుపు తాళం తిరిగింది. భుజాన సంచీతో మా ఆయన లోపలికొచ్చారు.

"లైబ్రరీలో ఆలస్యమైంది. నీ నవ్వు మెట్లదాకా వినబడుతోంది," అన్నారు చెప్పులు విప్పుతూ. "ఎవరితో మాట్లాడుతున్నావు?"

గదిలో కలం ఆ ప్రశ్న రాసుకుని ఆగింది.

పాలు పొంగిపోతున్నాయి. నేను రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

"నిన్నేనోయ్, చెప్పవేం?" అన్నారాయన.

గదిలో కాగితం తిప్పిన చప్పుడైంది.