అందరూ తీసేవాళ్లే

రోడ్డు మీద మనిషి పడి ఉన్నాడు. చుట్టూ గుంపు చేతులెత్తి నిలబడింది. దండం పెట్టడానికి కాదు, వీడియో తీయడానికి.

పక్క వీధిలోంచి రొప్పుతూ వచ్చిన లెక్చరరు ఆ గుంపును తోసుకుని లోపలికి దూరాడు. పడి ఉన్నది రోజూ సైకిలు మీద ఇంటింటికీ రొట్టెలు వేసే మనిషి. ముందు చక్రం ముడుచుకుపోయింది. రొట్టెలు రోడ్డంతా దొర్లాయి. తల కింద నెత్తురు. కళ్లు మూతపడ్డాయి గానీ ఛాతీ ఇంకా ఆడుతోంది.

"అంబులెన్సుకి ఎవరైనా చేశారా?"

అందరి చేతుల్లోనూ ఫోనుంది, ఫోను చేసినవాడే లేడు.

లెక్చరరే చేశాడు. నంబరు తప్పు నొక్కి, మళ్లీ నొక్కాడు. జేబురుమాలు తీసి గాయం మీద అదిమిపట్టాడు. తలెత్తి చూస్తే, మందుల షాపాయన ఫోనును నెత్తురు దగ్గరికి దించుతున్నాడు. పక్కనే ఒకావిడ రొట్టెను కాలితో అవతలికి నెడుతోంది, బొమ్మకు అడ్డొస్తోందని.

లెక్చరరు గొంతెత్తాడు.

"ఛీ! మనుషులేనా మీరు? మనిషిని ఎత్తమంటే ఫోను ఎత్తుతారా? ఇంతమంది తీసేవాళ్లే గానీ లేవదీసేవాడు ఒక్కడూ లేడా? మీకన్నా ఈగలు నయం. నెత్తురు మీద వాలినా లైకులడగవు!"

పాఠాలు చెప్పిన గొంతు కదా, వీధి చివరిదాకా వినిపించింది.

"అది కాదు సార్," మందుల షాపాయన నసిగాడు. "నలుగురికీ తెలుస్తుందనీ..."

"నలుగురికీ తెలిసేలోపు ఈయన్ని నలుగురు మోసుకుపోతారయ్యా!"

గుంపులోంచి ఒకమ్మాయి ముందుకొచ్చింది. అతని క్లాసులో పిల్లే.

"సార్, నేను ఈయన్ని తియ్యలేదు సార్. ఆ గోడ దగ్గర డాన్సు రీలు చేసుకుంటున్నా. వెనకాల ఈయన... అలా వచ్చేశారు."

"వచ్చేశాడా? నీ పక్కన వేషం వెయ్యడానికి వచ్చాడా? మనిషి పడిపోతుంటే నీకు వెనకాల సీనయిందా? నేను చెప్పింది ఇదేనా మీకు?"

అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తీసెయ్. నా కళ్ల ముందే తీసెయ్."

తీసేసింది. సిగ్గు కూడా అంటువ్యాధే. ఒకరి నుంచి ఒకరికి పాకింది. ఒక్కొక్కరే వచ్చి తీసేసినట్టు ఫోను చూపించి, తల దించుకుని వెనక్కి జరిగారు.

"నాది లైవు సార్," అన్నాడొకడు. "చూసింది మా అత్తయ్య ఒక్కతే."

"ఒకరి లైఫు పోతుంటే నీకు లైవా? ఆవిడకైనా బుద్ధుండక్కర్లా? తీసెయ్!"

సెల్‌ఫోన్లు బాగుచేసే ఆయనకు ఉత్సాహం వచ్చింది. "సార్, తీసేసినా కొన్నాళ్లు లోపలెక్కడో ఉంటాయి సార్. అందరూ ఇటు రండి, అక్కణ్నుంచి కూడా ఊడ్చేస్తా."

వరసగా నిలబడి ఊడ్పించుకున్నారు. అంత శుభ్రంగా ఆ వీధిని కూడా ఎవరూ ఊడ్చి ఉండరు.

వెనక నుంచి ఒక చెయ్యి మాత్రం ఇంకా లేచే ఉంది. "సార్, ఏం మాట్లాడారు సార్! ఇది పెడితే ఊరు ఊగిపోద్ది!"

"నన్ను తీస్తున్నావా! నా మొహం ఎక్కడా కనపడ్డానికి వీల్లేదు. ముందది తీసెయ్!"

"ఎంత నిగర్వో!" అని ఎవరో గొణిగారు.

ఇంతలో రొట్టెలాయన భార్య పరుగెత్తుకొచ్చింది. చేతులకు ఇంకా పిండి ఉంది.

"ఎవరు గుద్దారయ్యా? ఎవరైనా చూశారా?"

"కారమ్మా. గుద్ది ఆగకుండా పోయింది."

"ఏం కారు?"

"తెల్లది," అన్నారు ఒకరు. "కాదు, బూడిద రంగు," అన్నారు ఇంకొకరు. ఫోనులో మునిగిన కళ్లకు రోడ్డు మీది రంగులేం గుర్తుంటాయి?

అంబులెన్సు వచ్చింది. స్ట్రెచరు ఎక్కిస్తూ అందులోని నర్సు అంది: "ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదు. ఫోన్ చేసిందెవరు?"

అందరి వేళ్లూ లెక్చరరు వైపు తిరిగాయి. ఒక కాలు మెట్టు మీద పెట్టిన ఆ భార్య వెనక్కి తిరిగి చేతులు జోడించింది.

"అన్నయ్యా, మీ కడుపు చల్లగుండ. ఆ గుద్దినోణ్ని మాత్రం వదలొద్దన్నయ్యా."

లెక్చరరు తల ఊపాడంతే.

తర్వాత పోలీసాయన వచ్చాడు. గుంపును చూసి ఆయన మొహం వెలిగింది. "ఇంతమంది ఉన్నారు. వీడియో తీసే ఉంటారుగా?"

"తీశాం సార్," అన్నాడు మందుల షాపాయన. "తీసేశాం."

"తీసేశారా? ఎవరు తీసెయ్యమన్నారు?"

"మా మనస్సాక్షి సార్," అన్నాడాయన, ఛాతీ విరుచుకుని.

"నా రీల్లో కారు నంబరు కూడా పడే ఉంటుంది సార్..." అమ్మాయి వెక్కివెక్కి ఏడ్చింది. సెల్‌ఫోన్ల ఆయన ఫోన్లన్నీ మళ్లీ తిప్పి చూశాడు. తను చేసిన పని మహా శుభ్రంగా చేశాడు, ఎక్కడా ఏమీ మిగల్లేదు. పోలీసాయన నుదురు కొట్టుకుని, వంకరపోయిన సైకిలును లేపి గోడకు చేరేశాడు.

ఒకళ్ల మొహం ఒకళ్లు చూడలేక జనం పలచబడ్డారు. లెక్చరరు చేతులకంటిన నెత్తురు తుడుచుకుంటూ పక్క వీధిలోకి తిరిగి, గోడవారగా ఆపిన తన కారు ముందు చతికిలబడి, పగిలిన హెడ్‌లైటులో ఇరుక్కున్న సైకిలు గంటను పీకి జేబులో వేసుకున్నాడు.