ఫాస్ఫేట్‌కి మూడు చేతులు

బస్సు గతుకులో పడగానే నగ్మా ఒళ్లో ఉన్న అట్టముక్కలన్నీ ఎగిరి పక్క సీటాయన కాళ్ల దగ్గర పడ్డాయి.

ఆయన వంగి ఒక్కొక్కటే ఏరాడు. ఊరికే ఇచ్చేస్తే పోయేది. చదివాడు.

"కాల్షియం ఫాస్ఫేట్... Ca₃PO₄₂. అమ్మో, నలభై రెండు ఆక్సిజన్లే! అన్నిటినీ ఎక్కడ పెడతావమ్మాయ్?"

నగ్మాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పైగా ఆయన చొక్కా నిండా ఎరువుల బస్తాల దుమ్ము. ఈయనా తనకి కెమిస్ట్రీ చెప్పేది?

"నాకొచ్చులెండి. ఇటివ్వండి."

"ఇస్తాన్లే. దేనికింత హడావుడి?"

"గుంటూర్లో పోటీ ఉంది." చెప్పకూడదనుకుంటూనే మొత్తం చెప్పేసింది. "గవర్నమెంటు బళ్లలో పది పాసైనవాళ్లకి. వాళ్లు పేరు చెబితే మనం ఫార్ములా రాయాలి. గెలిస్తే ఇంటర్ రెండేళ్లూ ఫ్రీ, హాస్టల్‌తో సహా!"

"గెలవకపోతే?"

"రేపట్నుంచి మా అమ్మతో మిరపకాయల తొడిమలు తీయడానికి పోవాలి."

వెనక సీట్లో ఉన్న తల్లి ఖుర్షిదా ఆ మాట విని తల దించుకుంది.

ఆయన హాల్‌టికెట్ అడిగి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సీటు ఒక్కటేనా?"

"ఒక్కటేనండి."

ఆయన కిటికీలోంచి కల్లాల్లో ఎండుతున్న మిరపకాయల వైపు చూస్తూ చాలాసేపు ఉండిపోయాడు. చిలకలూరిపేట దాటింది. నగ్మా తన అట్టముక్కలు తాను సర్దుకుంది.

"ఏదీ, పెన్నివ్వు," అన్నాడు ఆయన ఉన్నట్టుండి.

ఇచ్చింది.

"కోతకి కూలీల ముఠా వస్తుంది కదా, ఐదుగురు. రెండు ముఠాలు కావాలంటే చివరి మనిషినొక్కణ్నే రెండు చేస్తావా?"

"అదేంటి? ముఠా మొత్తం రెండు కావాలి."

"ఫాస్ఫేట్ కూడా ముఠానే. ఒక ఫాస్ఫరస్, నలుగురు ఆక్సిజన్లు. ముఠా చుట్టూ బ్రాకెట్ పెట్టు. రెండు బయట వెయ్యి."

Ca₃(PO₄)₂.

నగ్మా నోరు వెళ్లబెట్టింది. ఏడాదంతా బట్టీ పట్టినా బుర్రకెక్కనిది ఒక్క మాటతో ఎక్కేసింది!

"ఇంకోటి చెప్పండి!"

ఆయన నడవాలో ఎవరో పెట్టుకున్న డీఏపీ బస్తా చూపించాడు. "డైఅమ్మోనియం ఫాస్ఫేట్. రాయి."

ఈసారి జాగ్రత్తగా బ్రాకెట్ పెట్టి మరీ రాసింది. (NH₄)₂PO₄.

"ఫాస్ఫేట్‌కి చేతులెన్ని? అదే, మీ పుస్తకంలో వేలెన్సీ."

"మూడు."

"అమ్మోనియానికి?"

"ఒక్కటి. ఇద్దరున్నారు కాబట్టి రెండు."

"మరి ఫాస్ఫేట్ మూడో చెయ్యి ఎవరు పట్టుకున్నారు? పేరులో లేనంత మాత్రాన మనిషి లేడనుకోకు."

నగ్మా గోరు కొరికింది. తల గోక్కుంది.

"హైడ్రోజన్!" అని ఒక్క అరుపు అరిచింది. డ్రైవర్ కూడా వెనక్కి చూశాడు.

"ఏందే ఆ కేకలు?" అంది ఖుర్షిదా.

"అమ్మా, వచ్చేసిందే! నాకు వచ్చేసింది!"

ఇక ఆగలేదు. కార్బనేట్లు, నైట్రేట్లు, సల్ఫేట్లు, అన్నిటికీ చేతులు లెక్కపెట్టింది. ఏటుకూరు వచ్చేసరికి ఆయన అడగడం, ఈమె రాయడం పందెంలా సాగింది.

"మీకివన్నీ ఎట్లా తెలుసు బాబాయ్?"

"గోడౌన్లో బస్తాలు మోస్తానమ్మా. మోసే దాంట్లో ఏముందో తెలియకపోతే నాకు తోచదు."

నగ్మా బస్టాండ్‌లో దిగీ దిగగానే తల్లి చెయ్యి పట్టుకుని ఆటో వైపు పరిగెత్తింది. ఆయన పేరు అడగాలని గానీ, వెళ్లొస్తానని చెప్పాలని గానీ తోచలేదు.

పోటీకి అరవై మంది వచ్చారు. మధ్యాహ్నానికి ఇద్దరు మిగిలారు. నగ్మా, గుంటూరు సంక్షేమ హాస్టల్లో చదివిన అన్విత.

అన్విత అంటే మాటలా! ఈమె రాసినవన్నీ ఆమె కూడా రాస్తోంది, అంతే వేగంగా. ఐదు ప్రశ్నలైనా ఇద్దరూ సమానమే.

"ఆఖరిది," అన్నారు మాస్టారు. "కాల్షియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్. ముప్పై సెకన్లు."

అన్విత సుద్దముక్క అప్పుడే టకటకలాడుతోంది.

ఫాస్ఫేట్‌కి మూడు చేతులు. రెండు హైడ్రోజన్లు పట్టుకున్నాయి. మిగిలింది ఒక్కటి. కాల్షియానికేమో రెండు! అయితే ముఠాలు రెండు కావాలి!

Ca(H₂PO₄)₂.

గంట మోగింది. అన్విత బోర్డు మీద CaH₂PO₄ అని ఉంది.

"నగ్మా!" అన్నారు మాస్టారు.

హాలంతా చప్పట్లు. ఖుర్షిదా కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ నవ్వింది. అన్విత వచ్చి చెయ్యి కలిపి, తల వంచుకుని పుస్తకాలు సర్దుకోవడానికి వెళ్లింది. నగ్మాకు కాళ్లు నేల మీద ఆగలేదు. రేపటి నుంచి తొడిమలు లేవు. కాలేజీ!

మెట్లు దిగుతుంటే గేటు దగ్గర అదే దుమ్ము చొక్కా.

"బాబాయ్!" ఎగురుకుంటూ పోయింది. "సీటొచ్చింది బాబాయ్! నాకే!"

ఆయన మొహం ఒక్క క్షణం పాలిపోయింది. వెంటనే నవ్వి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

"శభాష్ తల్లీ. బాగా చదువుకో."

"మీ పేరైనా అడగలేదు బాబాయ్, బస్సు దిగిన దగ్గర్నుంచీ ఒకటే బాధ. అయినా మీరేంటి ఇక్కడ?"

ఆయన జవాబు చెప్పేలోపే అన్విత మెట్లు దిగి వచ్చి, ఎర్రబడ్డ కళ్లతో ఆయన పక్కన నిలబడి, "ఇంటికి పోదాం నాన్నా" అంది.