ప్రార్థన అంశం

"ఇయ్యాల ప్రార్థన నేను చేస్త," అంది ఎస్తేరు.

డోర్నకల్ రైల్వే క్వార్టర్స్‌లో స్త్రీల ప్రార్థన కూటం ఈ బుధవారం మార్తక్క ఇంట్లో. పన్నెండు మందీ కొంగులు తలమీదికి లాక్కుని కళ్లు మూసుకున్నారు.

పోయిన వారం మంగళవారం నాడు ఇదే మార్తక్క, "చెప్పు చెల్లె, ప్రార్థన చేస్త" అని బుజ్జగించి, మొగుడు కొడుతున్న సంగతి ఎస్తేరు నోటితోనే చెప్పించింది. మర్నాడు కూటంలో పేరుపెట్టి మరీ ప్రార్థించింది.

"ప్రభువా," మొదలుపెట్టింది ఎస్తేరు. "మా మార్తక్క దాస్తున్న సంగతి నీకెరుకే. గా సంగతి నేను చెప్పను తండ్రీ. ఆమెను క్షమించు. ఆమె ఇల్లు కాపాడు."

ఆమేన్ అనకముందే కళ్లన్నీ తెరుచుకున్నాయి. అన్నీ మార్తక్క మీదే.

నిజానికి ఎస్తేరుకు ఏమీ తెలియదు. వారం రోజులు వీళ్లు తనను చూసిన చూపు మార్తక్కకూ ఒక్కసారి తగలాలి, అంతే.

మార్తక్క ఆమె చేయి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లింది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"నీకెవరు చెప్పిన్రే?"

ఎస్తేరు పీట ముందుకు జరిపింది.

"కూసో అక్కా. నువ్వే చెప్పు. ప్రార్థన చేస్త."