ఒక్క పలుకు

టీచరు పంచదార డబ్బా మూత తీసి టేబుల్ మీద బోర్లించింది. ఒక్క పలుకు కూడా రాలలేదు.

"ఇప్పుడు పంచదార లేదు అనకూడదు. నిండుకుంది అనాలి."

నర్సు ఈ భాషకు కొత్త. నోట్సులో రాసుకోబోయి ఆగింది. "ఖాళీ అయితే నిండుకోవడం ఏంటి టీచర్? అబద్ధం కదా?"

"అబద్ధం కాదు, మర్యాద. ఇంట్లో లేదు అనే మాట వినపడకూడదని మా అమ్మ అలాగే అనేది. నాకూ లేదు అనడానికి నోరు రాదు."

నూనె నిండుకుంది, కాఫీపొడి నిండుకుంది అని నర్సు వరసగా రాసింది. టీచరు చదవకుండానే టిక్కులు పెట్టింది.

టీచరు భర్త ఫోన్ మోగింది. మూడు వారాలుగా టీచరు దాన్ని రోజూ ఛార్జింగులో పెడుతోంది కానీ, మోగితే ఎత్తడం లేదు. ఇవాళ ఆగకుండా మోగుతుంటే నర్సే తీసింది.

"కళ్ళజోడు షాపు నుంచండి. సార్ అద్దాలు రెడీ అయ్యాయి. సార్ ఉన్నారా?"

ఆస్పత్రిలో ఆఖరి రోజున ఆయన మంచం పక్కన డ్యూటీలో ఉన్నది ఈ నర్సే. ఆమె టీచరు వైపు చూసింది. టీచరు డబ్బాకి మూత పెడుతోంది. అది ఎంతకీ బిగుసుకోవడం లేదు.

"సార్ నిండుకున్నారండి," అంది నర్సు, ఒక్కో అక్షరం జాగ్రత్తగా పలుకుతూ.

టీచరు ఎర్ర పెన్ను అందుకుంది. మనుషులకు ఆ మాట వాడరని చెప్పాలి.

నోరు రాలేదు.