రెండో గీత

ముసలాయన ఆ రోజు కూడా రేవులోకెల్లా పెద్ద చేపను ప్రాణంతో కొన్నాడు. బకెట్లో వేసుకుని రేవు చివరిదాకా నడిచి, నీళ్ళలో వదిలేశాడు.

పడవవాళ్ళు నవ్వారు.

"పట్టడం మా వంతు, వదలడం బకెట్ తాత వంతు అక్కా!"

కాటా అక్క నవ్వలేదు. రేవులో చేపలు తూచేది ఆమే. ఏది ఉంచాలో, ఏది వదలాలో తేల్చేదీ ఆమే. కాటా పక్కన కొలతచెక్క ఉంటుంది, దాని మీద ఎర్ర గీత. తోక గీత దాటితే చేప గంపలోకి, దాటకపోతే నీళ్ళలోకి. చేపపిల్లల్ని వదిలితే పెద్దవవుతాయని ఆమె అత్తగారి కాలం నుంచీ అదే పద్ధతి.

ఆ యేడు గంపలు నిండలేదు. పడ్డవాటిలో సగం గీతను అందుకోవడం లేదు.

"గీత కిందికి దించక్కా," అన్నాడు పడవల పెద్ద. "పన్నెండు కుటుంబాలం. వలలు ఆరేసుకుని కూర్చోమంటావా?"

"దించకమ్మా," అన్నాడు ముసలాయన వెనక నుంచి. "పైన ఇంకో గీత గియ్యి. అది దాటినవాటినీ వదిలెయ్యి."

"చిన్నవీ వదిలి, పెద్దవీ వదిలి, మమ్మల్నేం తినమంటారు తాతా? గీతలా?" అన్నాడు పడవల పెద్ద.

ముసలాయన వలలోనే చచ్చిన చేపనొకదాన్ని తీసి చెక్క మీద పెట్టాడు. జానెడుంది. గీతకు నాలుగు వేళ్ళు తక్కువ.

"కొయ్యి."

అక్క కోసింది. కడుపు నిండా గుడ్లు.

"ఇది పిల్లా?"

అక్క గుడ్లను వేలితో కదిపి చూసింది.

"ఒకప్పుడు మూరెడు ఎదిగాక గుడ్లు పెట్టేవి. అవి పెట్టేలోపే మనం పట్టేశాం. చిన్నగా ఉండగానే పెట్టినవి మిగిలాయి. వాటి పిల్లలు వాటిలాగే పుట్టాయి."

"అంటే మన గీత చూసి చేపలు కురచైపోయాయా?" అన్నాడు పడవల పెద్ద.

"చేపకి గీతేం తెలుసు నాయనా? ఏ చేపా మారలేదు. గుంపు మారింది. ఏరింది మనమే."

"పెద్దవాటిని వదిలితే మళ్ళీ ఎన్నాళ్ళకి మూరెడవుతాయి?" అడిగింది అక్క.

"ఏరినంత తొందరగా రావమ్మా. నీ మనవల కాలానికి రావచ్చు."

"అందాకా మనం గాలి భోంచేద్దాం!" అన్నారెవరో. రేవంతా ఘొల్లుమంది.

మర్నాడు అక్క గీతను నాలుగు వేళ్ళు దించింది. ముసలాయన చూస్తూ నిలబడ్డాడు. పెద్ద చేపను కొనుక్కుని వెళ్ళాడు.

ఆ యేడు గంపలు నిండాయి. మరుసటి యేడు కూడా.

నాలుగో యేట ముసలాయన రావడం మానేశాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఏడో యేట గంపలు మళ్ళీ ఖాళీ అయ్యాయి. అక్క కొత్త గీతను కూడా అందుకోని చేపనొకదాన్ని కోసింది.

గుడ్లు.

ఆ సాయంత్రమే బకెట్ తాత ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. కూతురు తలుపు తీసింది.

"పైన గీత ఎక్కడ గియ్యాలో పెద్దాయన్ని అడుగుదామని వచ్చానండీ."

"నాన్న పోయి మూడేళ్ళయింది."

అక్క వెనక్కి తిరగబోయింది.

"ఉండండి," అంది కూతురు. లోపలికెళ్ళి, బకెట్ తెచ్చి ఆమె చేతికిచ్చింది. "రేవు నుంచి ఎవరైనా వచ్చి అడిగితే ఇమ్మన్నారు."

బకెట్లో మడతపెట్టిన కాగితం ఉంది. అందులో రెండో గీత కొలత. కాగితం కింద బ్రష్షు, ఎండిపోయిన ఎర్ర రంగు డబ్బా.

"ఈ డబ్బా పనికిరాదు కదండీ?"

"పనికిరాదు," అంది కూతురు. "చేపల ఆఫీసులో చేరిన కొత్తలో, మీ రేవులో మొదటి గీత నాన్న దీంతోనే గీశారు."